ఇండ్లు కుంగుట, గోడలు పగులుట: కారణములు, నివారణ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని మన పెద్దలు ఊరకే అనలేదు. రైతు తన జీవితములో పెద్ద మొత్తము ఒక్కసారిగా వెచ్చించునది సాధారణముగా ఈ రెండు పనులకే. పెళ్ళి ఖర్చు ఆనాటితో తీరును. ఇంటి ఖర్చు మాత్రము, పునాది సరిగా లేనిచో, ఏటేటా వచ్చుచునే యుండును.

కిటికీ మూలనుండి వాలుగా పాకిన పగులు, ఒక కాలములో బిగిసి మరొక కాలములో వదులగు తలుపు, గోడను వదలి క్రిందికి దిగిన గచ్చు, ఇట్టివి కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామములలో చూడనివారు లేరు. మేస్త్రీని పిలిచి పగులులో సిమెంటు పూయింతురు. మరుసటి ఏడు అదే చోట పగులు మరల తెరచుకొనును. సిమెంటు మంచిది కాదని కొందరు, మేస్త్రీకి పని రాదని కొందరు, వాస్తు కుదరలేదని మరికొందరు అనుకొందురు. చాలచోట్ల దోషము గోడలో లేదు, గోడ క్రింది నేలలో ఉన్నది. ఆ నేలను కదిలించునది నీరు.

ఇండ్ల సంగతి వ్యవసాయశాఖకు ఏల అని అడుగవచ్చును. పొలములో నెర్రెలు బారు నేలయే ఇంటి క్రిందను ఉన్నది. పొలమున దాని గుణము ఎరిగిన రైతు ఇంటి విషయములోను అదే తెలివిని ఉపయోగించిన చాల నష్టము తప్పును.

మన నేలలు రెండు తరగతులు

తెనాలి, రేపల్లె ప్రాంతములలో హెచ్చుభాగము కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు వలన ఏర్పడిన నల్లరేగడి. సముద్రమునకు దగ్గరైన పేరాల, చీరాల, వేటపాలెము, బాపట్ల ప్రాంతములలో ఇసుక నేలలు కలవు. ఈ ఇసుక మెరకలు తీరమునకు ఇంచుమించు సమాంతరముగ బారులు తీరి యున్నవి. ఇవి పూర్వము సముద్రపు ఒడ్డుగా నుండిన చోట్లు. మెరకకు మెరకకు నడుమ పల్లములు కలవు. ఆ పల్లములలో ఇసుకకు మారు బంకమట్టి తగులును. కొన్నిచోట్ల పైన రెండు మూడడుగులు ఇసుక, దాని అడుగున బంకమట్టి ఉండును. కావున ఒకే ఊరిలో రెండు వీధుల నేలలు ఒకటి కాకపోవచ్చును. పొరుగువాని ఇంటికి సరిపడిన పునాది మన ఇంటికి సరిపడునని నమ్మరాదు.

రేగడి ఎట్లు కదలును?

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అను జాతి బంకమట్టి హెచ్చుగా ఉండును. దీని కణములు పుస్తకపు రేకులవలె పలుచని పొరలుగా నుండును. నీరు తగిలినపుడు ఆ పొరల నడుమకు పోయి వానిని ఎడము చేయును, నేల ఉబ్బును. నీరు ఆరిపోయినపుడు పొరలు దగ్గరై నేల ముడుచుకొనును; నెర్రెలు బారును.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బారేజి వచ్చినది. డెల్టాలో ప్రతి సంవత్సరము నేలకు రెండు స్థితులు కలుగుచున్నవి. కాలువలకు నీరు వదలి వరి నాటినది మొదలు కోతల వరకు నేల నిండ తడిసి యుండును. వరి తరువాతి మినుము, పెసర, మొక్కజొన్న నేలలోని మిగులు తేమను పీల్చివేయును. కాలువలు కట్టివేసిన పిమ్మట వైశాఖ జ్యేష్ఠ మాసముల ఎండకు నేల రాయివలె గట్టిపడి కాలు దిగు నెర్రెలు పడును. ఊరి నేలకును ఇదే గతి.

ఇల్లంతయు ఒక్క రీతిగా లేచి ఒక్క రీతిగా దిగినచో గోడ పగులదు. అట్లు జరుగదు. ఇంటి నడిమి భాగమునకు గచ్చు, పైకప్పు నీడనిచ్చును. అచ్చటి తేమ పెద్దగా మారదు. అంచులు మాత్రము వేసవిలో ఎండి కుంగును, వానలలో తడిసి లేచును. గోడ ఒకచోట నిలిచి, మరొకచోట దిగుటచే పగులుచున్నది. దీనికి తోడు ఒక మూల స్నానాలగది నీరు నిలిచి, మిగిలిన మూడు మూలలు ఎండియుండిన ఇంటికి అంతకంటె చెరుపు లేదు.

ఇంకొక విషయము గమనింపదగినది. ఉబ్బు నేలలో బరువైన మేడకంటె తేలికైన ఒక అంతస్తు ఇంటికే హెచ్చు హాని కలుగును. ఉబ్బు నేలను అణచిపట్టు బరువు చిన్న ఇంటికి ఉండదు. పూర్వపు తాటాకు ఇండ్లు తేలికైనవే. కాని వానిలో రాటలు, తడికలు కొద్దిగా ఒరిగినను పగులుటకు ఏమియు లేదు. ఇటుక గోడ, స్లాబు అట్లు వంగవు. ఇల్లు మారినది, నేల మారలేదు.

రైతు చేసికొనదగిన పరీక్ష

నేల ఎంత ఉబ్బునో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. పునాది వేయు లోతునుండి పిడికెడు మట్టి తీసి, నీడన ఆరబెట్టి, మెత్తగా నలిపి సన్నని జల్లెడ పట్టవలెను. 100 మిల్లీలీటర్ల గీతలున్న రెండు గాజు గొట్టములలో 10 గ్రాముల చొప్పున మట్టి వేయవలెను. ఇట్టి గొట్టములు ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో దొరకును. ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరసనాయిలు 100 గీత వరకు పోసి, గాలి బుడగలు పోవునట్లు పుల్లతో కలిపి, 24 గంటలు కదల్పక ఉంచవలెను. కిరసనాయిలు గొట్టము పొయ్యి దాపున ఉంచరాదు.

కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. నీటిలో ఉబ్బును. కిరసనాయిలులో మట్టి 10 గీతల వరకును, నీటిలో 18 గీతల వరకును ఉన్నదనుకొందము. తేడా 8. దానిని 10తో భాగించి 100తో హెచ్చించిన 80 శాతము వచ్చును. ఈ అంకె 50 లోపుగా నున్న నేల కొద్దిగా ఉబ్బునది. 50 నుండి 100 వరకు మధ్యమము. 100 నుండి 200 వరకు హెచ్చు. 200 దాటిన మిక్కిలి హెచ్చు. 50 దాటినచో ఇంజనీరు సలహా లేక పునాది తీయరాదు.

ఎరువుల మోతాదు కొరకు చేయించు భూసార పరీక్షలో నేల బరువు మోయు శక్తి తెలియదు. అందు ఉదజని సూచిక, లవణములు, పోషకములు మాత్రమే చూతురు. లవణముల అంకె మాత్రము ఇల్లు కట్టువారికిని ఉపయోగించును. ఆ సంగతి ముందు చెప్పబడును.

పగులును చదువుట

ప్రతి పగులును ప్రమాదము కాదు. పూతలో వెంట్రుకవలె సన్నగా వలయల్లినట్లుండు గీతలు పూత ఆరుటచే వచ్చినవి. వానికి భయపడ నక్కరలేదు. తలుపు, కిటికీ మూలలనుండి వాలుగా, ఇటుకల వెంబడి మెట్లు మెట్లుగా పోవు పగులు నేల కదలికకు గుర్తు. ఒక చివర వెడల్పుగను మరొక చివర సన్నముగను ఉన్నచో, ఇంటిలో ఒక భాగము మిగిలిన దానికంటె దిగినదనియో లేచినదనియో గ్రహింపవలెను.

పగులుకు రెండు వైపుల పెన్సిలుతో గుర్తులు పెట్టి, వాని నడిమి దూరమును నెలకొకసారి కొలిచి తేదీతో సహా పుస్తకములో వ్రాసికొనవలెను. లేక పగులుకు అడ్డముగ సన్నని గాజుముక్కను సిమెంటుతో అతికించి తేదీ వ్రాయవలెను. గాజు పగిలిన కదలిక ఆగలేదని అర్థము. ఒక సంవత్సరము ఇట్లు చూచినచో రోగము తేలును.

1. వేసవిలో తెరచుకొని వానలలో మూసికొనుచున్నచో, లేక దీనికి విరుద్ధముగ జరుగుచున్నచో, రేగడి ఉబ్బి ముడుచుకొనుటయే కారణము.
2. కాలముతో పని లేక నానాటికి పెరుగుచున్నచో, క్రింది నేల అణగుచున్నది. పాత గుంటపై కట్టుట, పునాది చాలకుండుట, అడుగు ఇసుక జారుట వంటి కారణములు వెదకవలెను.
3. ఒకసారి పగిలి సంవత్సరము వరకు మార్పు లేనిచో, కదలిక ఆగినది. పూడ్చుకొనవచ్చును.

పగులు పావు అంగుళము దాటినను, గోడ నిలువు తప్పి ఒరిగినను, దూలము లేక స్లాబు గోడపైనుండి జారుచున్నట్లు కనిపించినను, పరీక్షలకు ఆగక ఆ గదిలో పండుకొనుట మాని వెంటనే ఇంజనీరుకు చూపవలెను. రాత్రి వానలో తడిసిన గోడ కూలి నిద్రించువారి ప్రాణములు పోవుట మన పల్లెలలో వినని సంగతి కాదు.

రేగడిలో కొత్త ఇల్లు కట్టువారికి

పునాది కాలుమోపవలసినది నెర్రెలు పోవు లోతునకు దిగువన. వేసవి నడుమ ఇంటి స్థలములోని వెడల్పైన నెర్రెలో సన్నని ఇనుప ఊచను దింపి లోతు కొలువవలెను. ఊచ ఆగినచోటికి ఇంకను ఒక అడుగైనను దిగువకు పునాది పోవలెను. ఈ కొలత వానాకాలములో తీసిన మోసపోవుదుము. అప్పుడు నెర్రెలు పైన పూడి కనిపించవు.

రేగడి మిక్కిలి లోతుగా నున్నచోట గోడ పునాది అంత లోతునకు కట్టుట ఖర్చు. అట్టి చోట్లకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిన పైలు పునాది తగినది. నేలలో గుండ్రని రంధ్రము తొలిచి, అడుగున దానిని ఉబ్బెత్తుగ వెడల్పు చేసి, ఇనుప ఊచలు దింపి కాంక్రీటు పోయుదురు. దీనిని అండర్‌రీమ్డ్ పైలు అందురు. అడుగు ఉబ్బు సాధారణముగా కాండపు వెడల్పునకు రెండున్నర రెట్లు ఉండును. లోతైన ఉబ్బు నేలలలో పైలు పొడవు 3.5 మీటర్లకు, అనగా సుమారు పదకొండున్నర అడుగులకు తక్కువ కారాదని భారత ప్రమాణ సంస్థవారి నియమము. వంగమొక్కను పీకినపుడు వేరు పట్టినట్లు ఈ ఉబ్బెత్తు అడుగున పట్టియుండును. పై నేల లేచినను పైలు లేవదు. పైళ్ళ తలలను కలుపుచు వేయు బీము నేలను తాకరాదు. దాని క్రింద సుమారు మూడు అంగుళముల సందు విడువవలెను. ఆ సందును మేస్త్రీలు మట్టితో నింపివేయుదురు. అట్లు నింపిన, ఉబ్బిన నేల బీమునే ఎత్తివేయును. పెట్టిన ఖర్చు వృథా యగును.

పునాది కందకమును, గచ్చు అడుగును ఇసుకతో నింపుట మనవైపు వాడుక. ఇసుక ఉబ్బదు నిజమే. కాని బయటి నీరు లోనికి వచ్చు దారి ఉన్నచో, రేగడిలో త్రవ్విన ఇసుక కందకము నీటితొట్టియై, చుట్టునున్న బంకమట్టికి నీరు త్రాగించును. అంతకంటె ఉబ్బని గుణము కలిగి గట్టిగా అణగు ఎర్ర గ్రావెలు మేలు. బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్.కె. కట్టి గారు ఉబ్బని బంకతనము గల మట్టిని రేగడిపై సుమారు ఒక మీటరు మందమున పరచి అణచినచో క్రింది నేల ఉబ్బు అణగియుండునని పరిశోధనలచే చూపిరి. కాలువల లైనింగు పనులలోను ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

వీనికి తోడు ప్లింతు మట్టమునను, లింటెలు మట్టమునను ఇల్లంతయు చుట్టివచ్చునట్లు ఇనుప ఊచల కాంక్రీటు బెల్టు వేయించవలెను. బండి చక్రమునకు పట్టా ఎట్టిదో ఇంటికి ఇది అట్టిది.

పేరాల వైపు ఇసుకలో

ఇసుక నేలలో కట్టువారు అదృష్టవంతులు. ఇసుక ఉబ్బదు, ముడుచుకొనదు. కదలక ఉన్నంత కాలము బరువును చక్కగా మోయును. చిక్కంతయు అది కదలుటలోనే యున్నది.

మొదటిది చూరునీరు. స్లాబు గొట్టమునుండి, రేకుల చూరునుండి పడు నీరు గోడ మూలన ఇసుకను త్రవ్వివేయును. పునాది అడుగు బయటపడిన తరువాత గోడ నిలుచుట దైవాధీనము. చూరునీటిని గొట్టముతో దింపి దూరముగ పోవునట్లు చేయవలెను.

రెండవది గుంటలు. పేరాల, చీరాల నేతపనివారి ఇండ్లలో మగ్గం గుంట గోడప్రక్కనే ఉండుట కలదు. పునాదికంటె లోతుగా త్రవ్విన ఏ గుంటలోనికైనను గోడ అడుగు ఇసుక మెల్లమెల్లగ జారవచ్చును. గుంట ఎంత లోతో గోడకు కనీసము అంత దూరమున ఉండుట మేలు. ఇంటిలో అంత చోటు లేనిచో గుంట నాలుగు ప్రక్కల, అడుగున ఇటుక సిమెంటుతో కట్టించవలెను. వానాకాలములో ఊటనీరు గుంటలోనికి రాకుండుటకును ఇది పనికివచ్చును. మరుగుదొడ్డి గుంటకును ఇదే సూత్రము.

మూడవది ఫిల్టరు పాయింట్లు. నీటితో పాటు ఇసుక వచ్చుచున్నచో నేల అడుగున బోలు ఏర్పడుచున్నదని తలంచి వెంటనే మోటారు ఆపి బాగు చేయించవలెను. ఇంటి గోడ దాపున ఫిల్టరు పాయింటు దింపరాదు.

నాలుగవది ఉప్పు. తీరపు చవుటి నేలలలో నేలనుండి గోడలోనికి ప్రాకు తడి ఉప్పును వెంటతెచ్చును. అది ఆరి స్ఫటికమై ఇటుకను పొరలు పొరలుగ రాల్చును. ఊచలకు తుప్పు పట్టించి కాంక్రీటును బద్దలు చేయును. భూసార పరీక్షలో లవణములు హెచ్చుగ నున్నవని తేలినచో ప్లింతు మట్టమున తడి ఎక్కకుండ వేయు పొరను తప్పక వేయించవలెను. ఉప్పునీటితో సిమెంటు కలుపరాదు. సముద్రపు ఇసుక వాడరాదు.

ఇసుక మెరకల నడిమి పల్లములలో స్థలము కలవారు నాలుగు మూలల నాలుగు గుంటలు తీసి చూడవలెను. రెండు మూలల ఇసుక, రెండు మూలల బంకమట్టి ఉన్నచో ఒకే విధమైన పునాది పనికిరాదు.

మెరక చేసిన స్థలములు

ఊళ్ళు పెరుగుటచే పల్లపు వరిచేలు, పూడిన కుంటలు, పాత పెంటగుంటలు ఇండ్ల స్థలములగుచున్నవి. వానిలో లారీలతో మట్టి దింపి చదును చేసి, వెంటనే కట్టుబడి మొదలుపెట్టుట మిక్కిలి ప్రమాదము. వదులుగా పోసిన మట్టి తన బరువుకే కొన్ని సంవత్సరములు దిగుచుండును. ఆరు నుండి ఎనిమిది అంగుళముల పొరలుగా పోసి, తగిన తడిపై దిమ్మిసతోనో రోలరుతోనో ఒక్కొక్క పొరను అణచవలెను. పిడికిట పట్టిన మట్టి ఉండకట్టి, చేతికి తడి అంటకయున్నచో ఆ తడి సరిపోవును. పెంట, చెత్త, వేళ్ళు ఉన్న మట్టిని పూర్తిగ ఎత్తివేయవలెను. అది క్రుళ్ళినకొలది కుంగును. ఎట్లు మెరక చేసినను గోడ పునాది మాత్రము పోసిన మట్టిని దాటి పాత గట్టి నేలను చేరవలెను.

రైతు ఇంటిలో బరువును తలపోయవలెను. 75 కిలోల ధాన్యపు బస్తాలు నూరు ఒకే గోడకు చేర్చి నెట్టు కట్టిన ఏడున్నర టన్నులు ఆ వైపు పడును. బస్తాలు గది నడుమ, గోడకు ఎడముగా పేర్చుట పురుగు పట్టకుండుటకే గాక పునాదికిని మంచిది. పాత ఇంటికి కొత్త గది చేర్చునపుడు రెండు గోడలను కలిపి కట్టక నడుమ సందు విడువవలెను. పాతది దిగవలసినంత దిగినది. కొత్తది ఇంక దిగవలసియున్నది.

కట్టిన ఇల్లు పగిలిన ఏమి చేయవలెను?

మొదట సిమెంటు సంచి కొనవలదు. నీటి సంగతి చూడవలెను. ఒక రైతు ఇంటి ఈశాన్య మూలన తొట్టి, దాని నీరు పారుదలకు అరటి బోదె ఉన్నవనుకొందము. ఆ మూల ఏడాది పొడుగున తడి, నైరుతి మూల వేసవి ఎండ. పగులు నడుమ వచ్చుట వింత కాదు. ఆ నీటిని పక్కా కాలువలో దూరమునకు మళ్ళించుటకు అగు ఖర్చు, ఏటేటి మరమ్మతుతో పోల్చిన స్వల్పము. పనులు ఈ వరుసలో చేయవలెను.

1. కుళాయి, తొట్టి, స్నానాలగది, చూరు నీరు గోడకు దూరముగ పోవునట్లు చేయవలెను. కారు గొట్టములు బాగుచేయించవలెను.
2. ఇంటి చుట్టు నాలుగైదు అడుగుల వెడల్పున, బయటికి వాలుగ, నీరు ఇంకని గచ్చు వేయించవలెను.
3. జామాయిల్, రావి, మర్రి వంటి చెట్లను ఇంటికి 8 మీటర్లలోపున పెంచరాదు. పెద్ద చెట్టు ఇదివరకే ఉన్నచో తొందరపడి నరుకరాదు. అది త్రాగు నీరు ఒక్కసారిగ నేలలో నిలిచి నేల ఉబ్బును. కొమ్మలు కొద్దికొద్దిగ తగ్గించుచు రావలెను.
4. ఒక సంవత్సరము కొలతలు చూచి, కదలిక తగ్గిన పిమ్మట పగుళ్ళు పూడ్చవలెను.
5. ఇంకను దిగుచున్నచో పునాది క్రింద కొత్త పునాది కట్టించవలసి యుండును. దీనిని కొద్ది కొద్ది నిడివిగా, ఇంజనీరు ఎదుటనే చేయించవలెను. గోడ పొడుగున ఒక్కసారిగ కందకము త్రవ్విన ఇల్లు కూలును.

ఇటలీ దేశములోని పీసా గోపురము 1173లో ఆరంభింపబడినది. మెత్తని నేలపై కట్టుటచే అది ఒక ప్రక్కకు ఒరిగిన సంగతి లోకమెల్ల ఎరుగును. ఒరుగుట హెచ్చగుటచే 1990లో దానిని చూచుటకు వచ్చువారికి మూసివేసిరి. ఇంజనీర్లు ఎత్తుగా నున్న వైపు పునాది అడుగునుండి మట్టిని కొద్దికొద్దిగా తీయించిరి. గోపురము సుమారు అర డిగ్రీ వెనుకకు వచ్చి స్థిరపడినది. 2001 డిసెంబరులో మరల తెరచిరి. జబ్బు నేలలో ఉన్నపుడు వైద్యము నేలకే చేయవలెను.

వరద తరువాత

2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద పోయినది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలముల లంక గ్రామములు నీట చిక్కినవి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దాపుననే తీరము దాటినది. ఇట్టి సమయములలో నీరు తీసినంతనే ఇంటిలో చేరుట సహజము. కాని మట్టిగోడలు, మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు ఆరునపుడు కూడ కూలవచ్చును. గోడ అడుగు కోసుకుపోయినదేమో నాలుగు వైపుల చూచి, తలుపులు మునుపటివలె తెరచుకొనుచున్నవో లేదో పరీక్షించి లోనికి పోవలెను. కోసుకుపోయిన చోట వదులు మట్టి పోయక, గ్రావెలు పొరలు పొరలుగ అణచి పూడ్చవలెను.

గ్రామాధికారులు చేయదగినది

వీధి కాలువ పూడి నీరు గోడలకు ఎక్కుట, వీధి కుళాయి రాత్రింబవళ్ళు కారుట ఒక ఇంటివారు మాత్రమే సరిచేయు పనులు కావు. నల్లమడ, రొంపేరు వంటి మురుగు కాలువలలో నీరు సాగనిచో ఊరి మురుగును సాగదు. గ్రామాధికారులు తొలకరికి ముందే ఊరి కాలువలు తీయించవలెను. ఇండ్ల స్థలములు పంచునపుడు పాత కుంటలు, పూడ్చిన బావులు ఎచ్చటెచ్చట ఉన్నవో పెద్దలనడిగి పటములో గుర్తింపవలెను. మెరక పనిలో పొరలు అణచుచున్నారా యని స్వయముగ చూడవలెను. ఇండ్ల దాపున మట్టి కొరకు గోతులు త్రవ్వనీయరాదు.

రైతు సోదరులు విత్తునకు ముందు నేలను పరీక్షించుట అలవరచుకొనిరి. పునాదికి ముందును అట్లే చేయవలెను. పైరు చెడిన మరుసటి ఏడు మరల వేయవచ్చును. ఇల్లు మరల మరల కట్టుకొనునది కాదు. ఈ వేసవిలో మీ పెరటి నెర్రెలో ఒక ఊచ దింపి లోతు చూడుడు. మీ గోడ పగులు ప్రక్క నేటి తేదీ వ్రాయుడు. ఇంటి చుట్టు నీరు ఎచ్చట నిలుచుచున్నదో ఒకసారి తిరిగి చూడుడు. ఈ మూడింటికి ఒక్క పైసా ఖర్చు లేదు.